మిడి కీబోర్డు కొనేముందు ఎడమ చెయ్యి సంగతి చూడండి

మన ఇళ్లలో మెట్లున్న వాయిద్యం ఏదైనా దాని పేరు క్యాషియోనే. యమహా కొన్నా క్యాషియోనే, రోలాండ్ కొన్నా క్యాషియోనే. ఆ లెక్కలోనే మిడి కంట్రోలర్ తెప్పించుకుని, యూఎస్‌బీ తగిలించి, మెట్టు నొక్కి, చప్పుడు రాలేదని అదే రోజు వాపసు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దీనికి స్పీకరుండదు. లోపల ఒక్క వాయిద్యం కూడా ఉండదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత వడిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు కంప్యూటర్‌కి చేరవేయడమే దాని ఉద్యోగం. ఆ కబుర్ల భాషే మిడి. మోగేది కంప్యూటర్లోని ప్లగిన్, అంటే వాయిద్యం గొంతులున్న సాఫ్ట్‌వేర్. కాబట్టి "దీని సౌండ్ ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకి ఇక్కడ అర్థం లేదు. పది వేల కంట్రోలర్‌తో వాయించినా లక్ష రూపాయల దానితో వాయించినా అదే పియానో ప్లగిన్ అదే గొంతుతో పలుకుతుంది. తేడా అంతా వేళ్లకి తగిలేచోట ఉంది.

అమ్మకాల పేజీలు మాత్రం కొట్టే ప్యాడ్లెన్ని, తిప్పే నాబ్‌లెన్ని, రంగు లైట్లెన్ని అని మొదలుపెడతాయి. మన బాణీలు కట్టేవాళ్లు వాటికన్నా ముందు చూడాల్సింది కీబోర్డుకి ఎడమవైపు చివర ఏముందన్నది. కుడిచెయ్యి బాణీ వాయిస్తుంటే స్వరాన్ని ఊపేది, జార్చేది, వయొలిన్ల బిగువు పెంచేది, తగ్గించేది ఎడమచెయ్యి. దానికి సరైన పనిముట్టు దొరక్కపోతే ఫ్లూట్ ప్లగిన్ ఎంత ఖరీదైనదైనా హార్మోనియంలాగే పలుకుతుంది. పది వేల రూపాయల చుట్టుపక్కల దొరికే రెండు చిన్న కీబోర్డులు, నాలుగు స్థాయిల (ఆక్టేవ్‌ల) పెద్దవి కొన్ని, ఇంట్లో ఇప్పటికే ఉన్న క్యాషియో. ఇక్కడ వీటన్నిటినీ ఆ తక్కెడలోనే తూచాం.

చక్రమా, జాయ్‌స్టిక్కా, పట్టీనా

మిడిలో చాలా విలువలు 0 నుంచి 127 లోపే ఉంటాయి. పిచ్ బెండ్, అంటే చక్రం తిప్పి స్వరాన్ని పైకీ కిందికీ వంచడం, మాత్రం వేరు. దానికి 16,384 అంచెలు, నడిమిది 8,192. అంటే గమకానికి కావలసినంత నునుపు 1983 నాటి ప్రమాణంలోనే ఉంది. వాడుకునే చెయ్యి, చేతికింద పరికరం కుదరాలి, అంతే.

చాలా ప్లగిన్లలో బెండ్ హద్దు మామూలుగా పైకి రెండు, కిందికి రెండు సెమిటోన్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక సెమిటోను). తోడి గాంధారాన్ని తీసుకోండి. సాధారణ గాంధారం మెట్టు నొక్కిపట్టి చక్రాన్ని చివరికంటా కిందికి లాగితే శుద్ధ రిషభం, చివరికంటా పైకి తోస్తే శుద్ధ మధ్యమం. ఒకటో శ్రుతిలో అయితే ఇ ఫ్లాట్ మెట్టు మీద వేలు, కింద డి ఫ్లాట్, పైన ఎఫ్. ఆ గాంధారం ఊగే మేర ఇంచుమించు అంతే కాబట్టి ఏ సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు. చాలామంది ముందుగా చేసే పొరపాటు ఆ హద్దుని 12కి పెంచేయడం. అప్పుడు చక్రం వెంట్రుకవాసి కదిలినా స్వరం జారిపోతుంది, గమకం బదులు సైరన్ వినిపిస్తుంది. ఎక్కడైనా ఒక స్థాయి మొత్తం జారుడు కావాలంటే ఆ బిట్‌ని వేరే ట్రాక్‌లో వేసి అక్కడ మాత్రం హద్దు పెంచుకోండి.

ఇంతకీ చక్రం ఎందుకు మేలు? బొటనవేలికి దాని అంచు ఆనుతుంది, స్ప్రింగు ఎదురు తోపు తెలుస్తుంది, సగం దాకా వెళ్లి అక్కడే ఆగి ఊపొచ్చు. వదిలితే తనే మధ్యకి వస్తుంది. అకాయ్ ఎంపీకే మినీ ఎంకే 3లో చక్రాలకి బదులు బటాణీ గింజ కన్నా కాస్త పెద్దదైన జాయ్‌స్టిక్ ఉంటుంది. అడ్డంగా తోస్తే పిచ్, నిలువుగా తోస్తే మాడ్యులేషన్, అంటే స్వరానికి వైబ్రేటో (వణుకు) లాంటివి ఇచ్చేది. చోటు ఆదా అయిన మాట నిజమే. కానీ దాని ప్రయాణం మరీ పొట్టి. పైగా వేలు అడ్డంగా తోస్తూ కాస్త పైకి ఒరిగితే చాలు, అడగని వైబ్రేటో వచ్చి కలుస్తుంది. ఆర్టూరియా మినీల్యాబ్ 3లో టచ్ పట్టీలు. వేలు జరిపితే బెండ్, ఎత్తితే మధ్యకి దూకుతుంది. జాయ్‌స్టిక్ కన్నా మేర ఎక్కువ దొరుకుతుంది గానీ, ఎదురు తోపు లేనందువల్ల ఇప్పుడు ఎక్కడున్నామన్నది చెవే చెప్పాలి. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో కూర్చుంటే చెమట వేలు పట్టీ మీద జారదు, తడబడుతుంది. ఇది ఏ స్పెసిఫికేషన్ పేజీలోనూ కనబడని సంగతి.

ఇక మాడ్యులేషన్. మిడిలో దాని నంబరు సీసీ 1 (సీసీ అంటే కంట్రోల్ చేంజ్). ఆర్కెస్ట్రా లైబ్రరీల్లో ఎక్కువ భాగం వయొలిన్ల, చెల్లోల బిగువుని దీనికే కట్టిపెడతాయి. విలువ 20 దగ్గర గుసగుస, 110 దగ్గర గర్జన. మాడ్యులేషన్ చక్రానికి స్ప్రింగు ఉండదు, పెట్టినచోటే నిలబడుతుంది. ఎంపీకే మినీ జాయ్‌స్టిక్ మాత్రం నిలువుగా కూడా స్ప్రింగుదే. వదిలితే సున్నాకి వస్తుంది. ఇంటర్‌లూడ్ పతాకస్థాయిలో వేలు తీసిన మరుక్షణం వయొలిన్లన్నీ ఒక్కసారి నీరసపడిపోతాయి. ప్లగిన్ చెడిపోయిందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లున్నారు. కారణం ఈ స్ప్రింగే.

దీనికి మందు ఉంది. అకాయ్ వాళ్ల ప్రోగ్రామ్ ఎడిటర్ దింపుకుని మొదటి నాబ్‌కి సీసీ 1, రెండోదానికి సీసీ 11 (ఎక్స్‌ప్రెషన్, అంటే గట్టిదనం) కట్టి, ఆ ప్రోగ్రామ్‌ని కీబోర్డుకి పంపండి. నాబ్ రకం అబ్సల్యూట్‌లోనే ఉంచండి. రిలేటివ్‌లో పెడితే చాలా ప్లగిన్లలో విలువ ఎగిరెగిరి పడుతుంది. పని జరుగుతుంది గానీ, నాబ్ తిప్పడానికి రెండు వేళ్లు కావాలి, చేతి సహజమైన ఊపు అందులోకి రాదు.

మినీల్యాబ్ 3 ఇక్కడ గెలుస్తుంది. దానికి నాలుగు ఫేడర్లున్నాయి, అంటే పైకీ కిందికీ జరిపే మీటలు. ఆర్టూరియా మిడి కంట్రోల్ సెంటర్ తెరిచి, యూజర్ ప్రోగ్రామ్ ఎంచుకుని, మొదటి ఫేడర్‌కి సీసీ 1, రెండోదానికి సీసీ 11, కనిష్ఠం 0, గరిష్ఠం 127 ఇచ్చి కీబోర్డులో నిల్వ చేయండి. తర్వాత ఎడమచేతి చూపుడువేలు ఒకదాని మీద, మధ్యవేలు ఇంకోదాని మీద. ఒకటి వాయిద్యం బిగువు, రెండోది దాని గట్టిదనం. ఈ రెండూ కలిపి తోస్తూ తీస్తూ వాయించిన స్ట్రింగ్స్‌కీ, తర్వాత మౌస్‌తో గీత గీసిన స్ట్రింగ్స్‌కీ తేడా ఎవరికైనా వినబడుతుంది. ఒక్క జాగ్రత్త: కీబోర్డు ఆర్టూరియా ప్రోగ్రామ్‌లోనో డా (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) ప్రోగ్రామ్‌లోనో ఉంటే మీరు కట్టినవేవీ పనిచెయ్యవు. యూజర్ ప్రోగ్రామ్‌కి మార్చి చూడండి.

బీట్ కట్టేవాళ్ల సంగతి వేరు

పై మాటలు చూసి ఎంపీకే మినీ పనికిరాదనుకోవద్దు. తీన్మార్ దరువు, డప్పు లూపులు, హిప్‌హాప్ బీట్లు, ట్రాప్ హైహ్యాట్లు మీ పనయితే దాని ఎనిమిది ప్యాడ్ల ముందు మినీల్యాబ్ ప్యాడ్లు తేలిపోతాయి. అకాయ్ ప్యాడ్లు దళసరివి, కాస్త గట్టివి; వేలితో కొట్టాలి, తాకితే సరిపోదు. డప్పు మీద చిటికెన పుల్లకీ, సిర్రకీ ఉన్న తేడా చూపించేంత మేర అందులో ఉంది. జనరల్ మిడి లెక్క గుర్తుంటే పని సులువు. నోట్ నంబర్లివి: కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42, డ్రమ్ముల ఛానెల్ 10.

నోట్ రిపీట్ బటన్ పట్టుకుని ప్యాడ్ నొక్కితే హైహ్యాట్ దానంతటదే పదహారో వంతుల్లో పరుగెడుతుంది, నొక్కుడు బలాన్ని బట్టి గట్టిదనం మారుతుంది. అది పాట వేగంతో కలవకుండా పక్కకి పోతోందంటే కీబోర్డు గడియారం ఇంటర్నల్‌లో ఉందన్నమాట. దాన్ని ఎక్స్‌టర్నల్‌కి మార్చి, సాఫ్ట్‌వేర్‌లో ఆ పోర్టుకి మిడి క్లాక్ పంపే ఆప్షన్ వెయ్యాలి. రెండింటిలో ఏ ఒక్కటి మరిచినా కలవదు.

ఎంపీకే మినీ బరువు ముప్పావు కిలో, ల్యాప్‌టాప్ సంచిలో పట్టేస్తుంది. యూఎస్‌బీ పోర్టు మాత్రం పాత ప్రింటర్ల తరహా చదరపుది. మినీల్యాబ్‌కి యూఎస్‌బీ సి, పైగా వెనక పాత సింథసైజర్లకి తగిలించే 5 పిన్‌ల మిడి అవుట్ కూడా ఉంది.

ఎఫ్ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లోనే బతికేవాళ్లు నోవేషన్ ఎఫ్ఎల్‌కీ వైపు ఓసారి చూడొచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ కోసమే చేసిన కీబోర్డులవి, స్టెప్ సీక్వెన్సర్ (బీటుని గళ్లలో పేర్చే చోటు) నేరుగా ప్యాడ్ల మీదికి వస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్‌కి మారే ఆలోచన ఉంటే ఆ సుఖానికి డబ్బు పెట్టడం దండగ.

ఎన్ని మెట్లు

పూర్తి సైజు కీబోర్డులో ఒక స్థాయి వెడల్పు దాదాపు 16.5 సెంటీమీటర్లు. మినీ కీలలో రెండు మూడు సెంటీమీటర్లు తగ్గుతుంది. హార్మోనియం మీద చెయ్యి తిరిగినవాళ్లకి ఆ తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. వెడల్పు కన్నా ఇబ్బంది పెట్టేది పొడవు. మినీ కీ పొట్టిది కాబట్టి నల్ల మెట్ల నడుమ తెల్ల మెట్టు నొక్కాల్సి వచ్చినప్పుడు వేలు కీ ఇరుసుకి బాగా దగ్గరగా పడుతుంది. తలుపుని కీలు పక్కన చెయ్యిపెట్టి తొయ్యడం లాంటిదే అది, ఎక్కువ బలం కావాలి. ఫలితం ఏమిటంటే అదే వరసలో కొన్ని స్వరాలు 90, కొన్ని 45 వెలాసిటీతో (నొక్కుడు వడితో) పడతాయి. సాఫ్ట్‌వేర్‌లో దిద్దుకుంటూ కూర్చోవాలి.

25 మెట్లంటే రెండు స్థాయిలు. బాణీకి చాలు. కాంటాక్ట్ అనే ప్లగిన్‌లో స్ట్రింగ్స్ తెరిచేసరికి మాత్రం చాలవు. అక్కడ మంద్రంలో బాగా కింద కొన్ని మెట్లు మోగవు, వాయించే తీరు మారుస్తాయి: ఒకటి నొక్కితే సాగదీత, ఇంకొకటి నొక్కితే స్టకాటో (తుంచి వాయించడం), మరొకటి పిజికాటో (తీగ మీటడం). వీటిని కీస్విచ్‌లంటారు. ఇదీ ఎడమచేతి పనే. 25 మెట్లలో కీస్విచ్ నొక్కాలంటే ఆక్టేవ్ బటన్‌తో కిందికి దిగి, నొక్కి, మళ్లీ పైకెక్కాలి. పాట నడుస్తుండగా అది కుదిరే పని కాదు. 49 ఉంటే కింది స్థాయి కీస్విచ్‌లకి వదిలేసి పై మూడింటిలో హాయిగా వాయించుకోవచ్చు.

ఆ కింది మెట్టు పేరు దగ్గర ఇంకో తికమక. మిడి నోట్ 60, అంటే మధ్య సి, కాంటాక్ట్‌లో, ఏబుల్టన్ సాఫ్ట్‌వేర్‌లో సి3. రోలాండ్ లెక్కలో సి4. ఎఫ్ఎల్ స్టూడియోలో సి5. మాన్యువల్లో "సి0 నొక్కండి" అని ఉంటే, అది ఎవరి లెక్కో తెలియకుండా నొక్కితే ఏమీ జరగదు. నంబరు చూసి నొక్కండి, పేరు చూసి కాదు.

బల్ల కొలత తీసుకునే ముందు లెక్క ఇది. పూర్తి సైజు తెల్ల మెట్టు 23.5 మిల్లీమీటర్లు. 49 మెట్లలో తెల్లవి 29, అంటే మెట్లకే 68 సెంటీమీటర్లు. 61లో 36, అంటే 85. 88లో 52, అంటే 122. చక్రాలు ఎడమపక్కన ఉంటే పది పదిహేను సెంటీమీటర్లు ఇంకా కలపండి. మూడడుగుల కంప్యూటర్ టేబుల్ మీద 49 కూర్చుంటుంది, 61 అంచు దాటి బయటికొస్తుంది.

శ్రుతి మార్చడానికి ట్రాన్స్‌పోజ్ బటన్ అందరికీ ఇష్టం. ఒకటో శ్రుతిలో వాయించడం అలవాటైన చెయ్యి గాయని ఐదున్నరలో పాడతానంటే జి షార్ప్‌కి బటన్ నొక్కేసి పని కానిచ్చేస్తుంది. బాణీకి ఇబ్బంది లేదు. కానీ కంట్రోలర్‌లో ట్రాన్స్‌పోజ్ చేస్తే కంప్యూటర్‌కి వెళ్లే నోట్ నంబర్లే మారిపోతాయి. స్టకాటో కీస్విచ్ నొక్కితే ఇంకేదో తీరు వస్తుంది, కిక్ కొట్టబోతే ఇంకేదో మోగుతుంది. దాన్ని సున్నాలో ఉంచి, ఆ ఒక్క వాయిద్యం ట్రాక్ మీద సాఫ్ట్‌వేర్‌లోనే ట్రాన్స్‌పోజ్ పెట్టుకోండి.

నాలుగు స్థాయిలవి

ఎం ఆడియో కీస్టేషన్ 49 ఎంకే 3 చూడ్డానికి దిష్టిబొమ్మలా ఉంటుంది. ప్యాడ్లు లేవు, నాబ్‌లు లేవు, రంగు లైట్లు లేవు. పూర్తి సైజు 49 మెట్లు, ఎడమవైపు రెండు నిజమైన చక్రాలు, ఒకే ఒక ఫేడర్, ఆక్టేవ్ బటన్లు, ప్లే స్టాప్ బటన్లు, వెనక సస్టెయిన్ పెడల్ కన్నం. బాణీలు, బ్యాక్‌గ్రౌండ్ స్కోరు చేసేవాళ్లకి తక్కువ డబ్బులో మొదట చెప్పాల్సింది ఇదే. ఎడమచేతికి కావలసినవన్నీ ఉన్నాయి, అక్కర్లేనివేవీ లేవు. ఆ ఒక్క ఫేడర్ మామూలుగా వాల్యూమ్‌కి, అంటే సీసీ 7కి, కట్టి ఉంటుంది. దాన్ని అడ్వాన్స్‌డ్ బటన్ ద్వారా సీసీ 11కి మార్చుకుంటే పక్కనే ఉన్న మాడ్యులేషన్ చక్రంతో కలిపి మినీల్యాబ్ ఫేడర్ల జోడీలాంటిదే తయారవుతుంది. మార్చకుండా వదిలేస్తే మిక్సింగ్‌లో పెట్టుకున్న వాల్యూమ్‌లు పొరపాటున చెయ్యి తగిలి గల్లంతవుతాయి.

లోపాలు లేకపోలేదు. కీలు స్ప్రింగు తరహావి, తేలిక. పియానో నేర్చుకున్న చేతికి గాలిలో వాయిస్తున్నట్టుంటుంది. మెత్తగా నొక్కాననుకున్నది 80 దాటుతుంది. అదే అడ్వాన్స్‌డ్ బటన్‌తో వెలాసిటీ కర్వ్ మార్చి చూడాలి. కీలు పైకి వచ్చేటప్పుడు టకటకమంటాయి. పక్కనే మైకు పెట్టి పాడుతూ వాయిస్తే ఆ చప్పుడు రికార్డవుతుంది. ఆఫ్టర్‌టచ్ లేదు, అంటే నొక్కిన మెట్టుని ఇంకా అదిమి వైబ్రేటో తెప్పించడం కుదరదు.

ఇంకాస్త పెట్టగలిగితే నోవేషన్ లాంచ్‌కీ 49 ఎంకే 4, ఆర్టూరియా కీల్యాబ్ ఎసెన్షియల్ 49 ఎంకే 3. రెండింటికీ చక్రాలున్నాయి, తొమ్మిదేసి ఫేడర్లున్నాయి. లాంచ్‌కీకి 16 ప్యాడ్లు, కీల్యాబ్‌కి 8. ఏబుల్టన్ వాడేవాళ్లకి లాంచ్‌కీ, ఆర్టూరియా అనలాగ్ ల్యాబ్ శబ్దాలు ఇష్టపడేవాళ్లకి కీల్యాబ్. ఇంతకన్నా పెద్ద తేడా వెతకడం అనవసరం.

సుత్తి తరహా, అంటే పియానోలా బరువు కీలున్న, 88 మెట్లవి పియానో వాయించేవాళ్లకే. ఆ బరువు కీల మీద డ్రమ్ములు కొడితే అరగంటలో మణికట్టు మొరాయిస్తుంది.

ఎంపీఈ (మిడి పాలిఫోనిక్ ఎక్స్‌ప్రెషన్) గురించి ఒక మాట. మామూలు మిడిలో పిచ్ బెండ్ ఛానెల్ మొత్తానికి వర్తిస్తుంది. ఎడమచేత్తో కార్డ్ పట్టుకుని కుడిచేత్తో అదే ట్రాక్‌లో గమకం వేస్తే కార్డ్ కూడా ఊగుతుంది. 2018లో ప్రమాణమైన ఎంపీఈలో ప్రతి స్వరానికీ వేరే ఛానెల్ ఇస్తారు, కాబట్టి ఒక్కొక్కటీ విడిగా వంగుతుంది. రోలీ సీబోర్డ్ లాంటివి దానికోసమే, కర్ణాటక బాణీలకి అంతకన్నా నప్పేది కంట్రోలర్లలో కనబడదు. అయితే ప్లగిన్ కూడా ఎంపీఈ అర్థం చేసుకునేదై ఉండాలి, దాని మెత్తటి రబ్బరు ఉపరితలం మీద చెయ్యి కుదరడానికి నెలలు పడుతుంది. మొదటి కీబోర్డుగా వద్దు. కార్డ్ ఒక ట్రాక్‌లో, బాణీ ఇంకో ట్రాక్‌లో వేసుకుంటే మామూలు కీబోర్డుతోనే ఆ చిక్కు తీరుతుంది.

ఇంట్లో ఉన్న క్యాషియో

అటక మీద ఉన్నదాన్ని ముందు దింపి వెనక చూడండి. యూఎస్‌బీ టు హోస్ట్ అని రాసున్న చదరపు పోర్టు ఉంటే సగం పని అయిపోయినట్టే, ప్రింటర్ కేబుల్ చాలు. యమహా పీఎస్ఆర్ ఈ373, మన దేశం కోసం చేసిన పీఎస్ఆర్ ఐ500, ఈ రెండింటికీ అది ఉంది. పీఎస్ఆర్ ఎఫ్52, ఈ273 లాంటి ప్రాథమిక మోడళ్లకి ఆ పోర్టూ లేదు, టచ్ రెస్పాన్సూ లేదు. మెట్టుని ముద్దుగా నొక్కినా గుద్దినా ఒకటే. వాటిని వదిలేయండి.

తగిలించగానే ప్రతి స్వరం రెండుసార్లు, ఒకటి కీబోర్డు స్పీకర్ నుంచి, ఒకటి కాస్త ఆలస్యంగా కంప్యూటర్ నుంచి వినిపిస్తుంది. ఫంక్షన్ మెనూలో లోకల్ అన్నది ఆఫ్ చేస్తే కీబోర్డు సొంత గొంతు ఆగిపోతుంది. ఆదివారం చర్చిలో వాయించేది కూడా అదే కీబోర్డైతే వెళ్లేముందు మళ్లీ ఆన్ చేసి చూసుకోండి.

ఈ373 మెట్లు చాలా మిడి కంట్రోలర్ల కన్నా నయం. కొరత ఒక్కటే, దానికి పిచ్ చక్రం లేదు. మళ్లీ ఎడమచేతి దగ్గరికే వచ్చాం. అలాంటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న 25 మెట్ల కంట్రోలర్ తీసుకుని ఎడమపక్కన పెట్టండి. రెండింటినీ ఒకే ట్రాక్‌కి, ఒకే ఛానెల్‌లో ఇవ్వండి. స్వరం యమహా నుంచి వెళ్తుంది, వంపు చిన్నదాని నుంచి వెళ్తుంది, ప్లగిన్‌కి రెండూ ఒకటే.

కొన్నాక వచ్చే తంటాలు

నొక్కిన కాసేపటికి మోగుతోందా? తప్పు కీబోర్డుది కాదు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లోని ఆడియో బఫర్ 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్లయితే దాని ఒక్కదాని ఆలస్యమే 23 మిల్లీసెకన్లు. 512 అయితే 11.6, 128 అయితే 3 కన్నా తక్కువ. రికార్డింగప్పుడు 128 పెట్టి, మిక్సింగప్పుడు పెంచుకోండి. విండోస్‌లో ఆలస్యం తగ్గించే అసియో డ్రైవర్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే మంచిది, లేకపోతే అసియో ఫర్ ఆల్. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో మాత్రం ఏ సెట్టింగూ కాపాడలేదు, వైరుదే పెట్టుకోండి.

లైట్లు వెలుగుతున్నాయి, కంప్యూటర్ గుర్తించడం లేదంటే నూటికి తొంభైసార్లు కేబులే. ఫోన్ చార్జర్‌తో వచ్చిన కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటావి ఉండవు. కేబుల్ మార్చినా రాకపోతే హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి. అప్పటికీ రాకపోతే బ్రౌజర్ మూసి చూడండి. చాలా విండోస్ కంప్యూటర్లలో ఒక మిడి పోర్టుని ఒక ప్రోగ్రామ్ పట్టుకుంటే ఇంకోదానికి దొరకదు, ఆన్‌లైన్ పియానో పేజీ ఒకటి వెనకాల తెరిచి ఉంటే చాలు.

పెడల్ తొక్కితే ఆగిపోయి, వదిలితే సాగుతోందంటే పోలారిటీ తిరగబడింది. పెడళ్లు రెండు రకాలు, కంపెనీని బట్టి మారతాయి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడు పెడల్ ఏ రకమో చూసుకుంటాయి. కాబట్టి పెడల్ ముందు తగిలించి, దాని మీద కాలు పెట్టకుండా, తర్వాత యూఎస్‌బీ పెట్టండి. ఎం ఆడియో ఎస్‌పీ 2 పెడల్‌కి ఆ రకం మార్చే స్విచ్ పెడల్ మీదే ఉంటుంది.

రెండు మూడేళ్లకి వచ్చే జబ్బు ఇంకోటి ఉంది. ఒక మెట్టు మాత్రం ఎంత మెత్తగా నొక్కినా 127తో అరుస్తుంది, లేదా అసలు పలకదు. ప్రతి కీ కింద రబ్బరు బుడిపెలో రెండు కార్బన్ చుక్కలుంటాయి. ఒకటి ముందు తగులుతుంది, ఒకటి తర్వాత. ఆ రెంటి మధ్య వ్యవధిని బట్టే వెలాసిటీ లెక్క. దుమ్ము చేరి మొదటి చుక్క ఆలస్యంగా తగిలితే వ్యవధి దాదాపు సున్నా అవుతుంది, కీబోర్డు దాన్ని మెరుపు వేగం అనుకుంటుంది. వారంటీ ఉంటే విప్పొద్దు. లేకపోతే యూఎస్‌బీ తీసి, అడుగు స్క్రూలు విప్పి, రిబ్బన్ కేబుల్ ఎటు ఉందో ఫోటో తీసుకుని, రబ్బరు పట్టీ ఎత్తండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో సర్క్యూట్ బోర్డు మీది నల్ల చుక్కల్ని, పట్టీలోని చుక్కల్ని మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి బిగించండి. గీకొద్దు, వేలితో ముట్టొద్దు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టొద్దు. అసలు ఈ తిప్పలన్నీ ఎందుకు, పని అయ్యాక ఒక పాత పంచె కప్పితే సరిపోతుంది, హార్మోనియంకి కప్పేవాళ్లం కదా.

సెకండ్ హ్యాండ్, అమెరికా సరుకు

చిన్న కంట్రోలర్లన్నీ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తాయి కాబట్టి అక్కడి 120 వోల్టులు, ఇక్కడి 230 వోల్టుల గొడవ లేదు. బంధువులు సూట్‌కేసులో వేసుకొచ్చినా నిశ్చింతగా వాడుకోవచ్చు. వారంటీ మాత్రం సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది. అక్కడ మిగిలే డబ్బు, ఇక్కడ పోయే వారంటీ, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. వాడినదాన్ని కొంటే పెట్టె మీద రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ వస్తుందని లెక్క వేసుకోవద్దు. సీరియల్ నంబరు మొదటి యజమాని ఖాతాలో చేరిపోయి ఉంటుంది, లైసెన్సు అతనిదే. ధర ఆ మేరకు తగ్గించమని అడగండి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. విండోస్‌కి మిడి ఆక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, వచ్చే ప్రతి కబురునీ అంకెల్లో చూపిస్తుంది. ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒక్కో మెట్టూ మూడుసార్లు మెత్తగా నొక్కండి, ఎక్కడైనా ఒక్కసారిగా 127 కనబడితే పైన చెప్పిన జబ్బే. తర్వాత పిచ్ చక్రాన్ని పైకి తోసి వదలండి, కిందికి లాగి వదలండి, పదిసార్లు. ప్రతిసారీ అంకె 8,192కే రావాలి. ఏ 400 అంచెల దూరంలోనో ఆగిపోతుంటే చక్రం వెనకున్న పొటెన్షియోమీటర్ అరిగిందన్నమాట. రెండు సెమిటోన్ల హద్దులో అది దాదాపు 10 సెంట్ల (సెమిటోనులో పదో వంతు) అపశ్రుతి. పియానో శబ్దంతో వాయిస్తే దుకాణంలో ఎవరికీ తెలియదు. ఫోన్‌లో తంబూర పెట్టి, ఫ్లూట్ ప్లగిన్‌తో ఒక్క పంచమం పట్టి చూడండి.